ఏ దమ్మమ్మా?

మా పై అంతస్తులో ఉండే సుబేదార్ గారు పోయారు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, నేను ఆఫీసు మీటింగులో కెమెరా ఆపేసి పప్పుకు పోపు పెడుతుంటే, ఆసుపత్రిలో ఆయన పక్కన ఉన్న మా ఆయన ఫోన్ చేసి చెప్పాడు. స్టవ్ ఆపి, లాప్‌టాప్ మూసి, ఆయన భార్య ఆంటీకి చెప్పడానికి పైకి వెళ్ళాను. పద్దెనిమిది మెట్లు. ఎక్కడా ఆగకుండా ఎక్కాను. ఆ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందుముందు మీకే తెలుస్తుంది.

తలుపు తీసిన ఆంటీ నా ముఖం చూసి, "నిలబడి సెప్పకమ్మా, కూకో," అన్నారు. అని, ముందు తనే కూర్చున్నారు. నేను నోరు తెరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

మధ్యాహ్నానికి బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో ప్రశ్నలు మొదలయ్యాయి. హార్ట్ ఎటాకా? హార్ట్ ప్రాబ్లమ్ ముందే ఉందా? డెబ్భై దాటిన మనిషి పోతే అందరూ అడిగేది అదే. నాకు ఒళ్ళు మండింది. ఆయన గుండె భేషుగ్గా ఉంది. పోయింది నిమోనియాతో. ఆ ఒక్క ముక్క టైప్ చేసి ఫోన్ పక్కన పడేశాను. తెలియని విషయాన్ని తెలిసినట్టు మాట్లాడడం ఆయనకు సుతరామూ నచ్చేది కాదు. ఎందుకు నచ్చదో తెలిసిన వాళ్ళలో నేనొకదాన్ని. అందుకే ఇది రాయడానికి కూర్చున్నాను.

ఆయనది శ్రీకాకుళం జిల్లా. సైన్యంలో వైద్య విభాగంలో ముప్పై ఏళ్ళు పనిచేశారు. మొదట వార్డుల్లో, తర్వాత ఈసీజీ గదిలో, చివరి పదేళ్ళూ గుండెను తెర మీద చూపించే ఎకో మిషన్ దగ్గర. రిటైరయ్యాక ఫరీదాబాద్‌లో ఒక పరీక్షల సెంటర్లో కొన్నాళ్ళు చేసి, ఢిల్లీ పక్కనున్న వైశాలిలో మా బిల్డింగు నాలుగో అంతస్తులో స్థిరపడ్డారు. మాది మూడో అంతస్తు. లిఫ్ట్ లేదు. మేం కరీంనగర్ నుంచి వచ్చి, నేను నోయిడాలో, మా ఆయన గురుగ్రామ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నాం. నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంటే పక్కవాడు బాగుందన్నదాంట్లో ఏం బాగాలేదో వెతికి చెప్పడం. ఆ పని చేసే నేనే నా ఒంటి విషయంలో ఏడాదిన్నర పాటు మోసపోయాను.

ఐదేళ్ళ కిందటి మాట. మా పాప అప్పుడు రెండో తరగతి. మెట్లెక్కితే నాకు ఊపిరి ఆడేది కాదు. మా వైపు దాన్ని దమ్ము రావడం అంటాం. మొదట్లో మూడు అంతస్తులూ ఎక్కాక వచ్చేది. తర్వాత రెండో అంతస్తు దాటగానే వచ్చేది. ఆఫీసుకు దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి వెళ్ళాను. నాకు వచ్చిన హిందీ హైదరాబాద్ హిందీ. ఢిల్లీలో అందరూ నవ్వే హిందీ. అందులోనే చెప్పాను, "డాక్టర్ సాబ్, సీఢియా చఢే తో దమ్ ఆరా."

"అచ్ఛా, దమా హై. కబ్ సే?" అన్నాడాయన.

దమా అంటే హిందీలో ఉబ్బసం. నాకా ముక్క తెలియదు. నా మాటనే తిరిగి అంటున్నాడనుకుని, "హా, హా, ఏక్ సాల్ సే," అన్నాను. పైగా అది నవంబరు. బయట పొగమంచు ఎలా ఉందంటే ఎదురు బిల్డింగు కనబడడం లేదు. ఆ క్లినిక్‌లో వరసగా కూర్చున్న వాళ్ళంతా దగ్గుతూనే ఉన్నారు. చీటీ మీద ఉబ్బసం అని పడింది. ఇన్‌హేలర్ ఇచ్చారు. ఆ తర్వాత నేను చూపించుకున్న ఇద్దరు డాక్టర్లూ ముందా చీటీ చూసి, ఆ తర్వాతే నన్ను చూశారు. మా ఆఫీసులోనూ ఇదే వరస. మొదట నమోదు చేసినవాడు లోపానికి తప్పుడు పేరు పెట్టాడంటే, ఆ తర్వాత పదిమంది ఆ పేరునే పట్టుకుని వేలాడతారు. ఒక చోట ఈసీజీ కూడా తీసి నార్మల్ అన్నారు. ఇంక నాకు అడ్డేముంది? నాకు ఉబ్బసమేనని నేనే అందరికీ చెప్పుకు తిరిగాను.

ఇన్‌హేలర్ పీల్చినప్పుడల్లా గుండె దడదడ కొట్టుకునేది. ఆయాసం మాత్రం తగ్గేది కాదు. "నువ్వే ఊకె టెన్షన్ పడ్తున్నవ్, అందుకే ఎక్కువైతుంది," అనేవాడు మా ఆయన. పాప వెనక్కి తిరిగి, "మమ్మా, జల్దీ ఆవో నా," అని అరిచేది. నాకు సిగ్గేసేది. అందుకని రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య మలుపులో ఆగి, ఫోన్ తీసి ఎవరో మెసేజ్ పెట్టినట్టు చూస్తూ నిలబడేదాన్ని. ఊపిరి సర్దుకున్నాక మళ్ళీ కదిలేదాన్ని. నా నటన మీద నాకు గట్టి నమ్మకమే ఉండేది.

సుబేదార్ గారు రోజూ సాయంత్రం పాలపాకెట్లు పట్టుకుని ఆ మెట్లే ఎక్కేవారు. డెబ్భై మూడేళ్ళ మనిషి, ముప్పై మూడేళ్ళ నన్ను దాటుకుని వెళ్ళిపోయేవారు. ఒకరోజు దాటలేదు. రెండు మెట్లు కింద ఆగి, "రోజూ ఇక్కడికొచ్చీసరికే ఫోనొస్తాదేటమ్మా నీకు?" అన్నారు.

నేను నవ్వేసి పైకి వెళ్ళిపోయాను. మర్నాడు ఆ మలుపులో ఒక నీలం ప్లాస్టిక్ కుర్చీ ఉంది. మెట్ల మీద సామాను పెట్టకూడదని బిల్డింగ్ సెక్రటరీ గొడవకు వస్తే, "యే ఫోన్ బూత్ హై, సాబ్," అన్నారట సుబేదార్ గారు. ఆ పేరే ఖాయమైపోయింది. ఇప్పటికీ మా బిల్డింగులో ఆ మలుపును ఫోన్ బూత్ అనే అంటారు.

మూడు రోజులు ఆ కుర్చీలో కూర్చోకుండా పంతం పట్టాను. నాలుగో రోజు కూర్చున్నాను. ఆయన పాలతో వచ్చి, గోడకు ఆనుకుని నిలబడి, "ఏటవుతందమ్మా?" అని అడిగారు.

"ఏం లేదంకుల్. మెట్లెక్కితె జర దమ్మొస్తుంది."

ఆయన ముఖంలో నవ్వు పోయింది. పాలపాకెట్లు మెట్టు మీద పెట్టారు. తర్వాత చాలా నెమ్మదిగా, "ఏ దమ్మమ్మా?" అన్నారు.

"ఏ దమ్మంటే ఏంది అంకుల్? దమ్మంటే దమ్మే."

"అలగ కాదు. అలసటా? ఆయాసమా? దగ్గా? దడా? నువ్వు దేన్ని దమ్మంటన్నావో నాకు తెలీదు. తెలీదు గాబట్టే అడుగుతన్నాను."

నాకు చిరాకేసింది. తెలుగు మనిషికి తెలుగు మాట తెలియకపోవడమేంటి అనుకున్నాను. అయినా పెద్దాయన అడిగారు కదా అని చెప్పాను. అలసట కాదు, ఒళ్ళు బాగానే ఉంటుంది, ఊపిరే అందదు అన్నాను. అంతే, ఇంక వదల్లేదు. పైకి తీసుకెళ్ళి ఆంటీతో టీ పెట్టించి, ఒక్కో ప్రశ్నే అడిగారు. ఇప్పుడు ఎన్ని మెట్లకొస్తోంది? పోయిన దీపావళికి ఎన్ని మెట్లకొచ్చేది? వెల్లకిలా పడుకుంటే ఎలా ఉంటుంది? ఎన్ని తలగడలు పెట్టుకుంటున్నావు? తలగడలు మూడయ్యాయని అప్పటిదాకా నేను లెక్కపెట్టుకోనే లేదు. ఏం చేస్తే వస్తుంది, ఎప్పుడొస్తుంది, ఎంతసేపు ఉంటుంది అని ఆఫీసులో రోజూ నేను అడిగే ప్రశ్నలే అవి. నన్ను నేను ఒక్కసారీ అడగలేదు.

చివర్న ఒక వింత ప్రశ్న వేశారు. "చిన్నప్పుడు గొంతు నొప్పొచ్చి, ఆ తరవాత కీళ్ళు వాచాయేటమ్మా?"

వాచాయి. ఆరో తరగతిలో. ఒక మోకాలు తగ్గితే రెండో మోకాలు, అది తగ్గితే చీలమండ. రెండు నెలలు బడి పోయింది. మా అమ్మ వావిలాకు కాపడం పెట్టింది. తగ్గిపోయింది, మర్చిపోయాం. మోకాలికీ మెట్లెక్కితే వచ్చే ఆయాసానికీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు?

ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. వాచీ ఎప్పుడూ ముళ్ళు లోపలి వైపుకు వచ్చేలా కట్టుకునేవారు. ఆసుపత్రి వార్డుల్లో అలవాటట. ఒక చేత్తో నాడి పట్టుకుంటే, అదే చూపులో సెకన్ల ముల్లు కనబడుతుంది. అరనిమిషం అయ్యాక నేను చెయ్యి వెనక్కి తీసుకోబోతే పోనివ్వలేదు. "సగం నిమిషం లెక్కెట్టి రెండింతలు సేసీసీవోల్లుంటారు. నాడి తప్పితే ఆ రెండో సగంలోనే తప్పొచ్చు," అన్నారు. పూర్తి నిమిషం అయ్యాకే చెయ్యి వదిలారు. "రేపు పొద్దున్న తొమ్మిదింటికి తయారుగా ఉండు."

నాకు కోపం వచ్చింది. అన్ని పరీక్షలూ అయ్యాయి, ఈసీజీ నార్మల్ వచ్చింది, మళ్ళీ ఏంటని అడిగాను. "ఈసీజీలో గుండె కరెంటు సంగతి తెలుస్తాది. తలుపుల సంగతి అన్నిసార్లూ తెలీదు," అన్నారు. నేను ఊరుకోలేదు. "మీరేమన్న డాక్టరా అంకుల్?" అనేశాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కరుచుకుంటాను. ఆంటీ టీ గ్లాసు కింద పెట్టారు. ఆయన మాత్రం ఏమీ అనుకోలేదు. "కాదమ్మా. అందుకే తీసుకెల్తన్నాను," అన్నారు.

తీసుకెళ్ళింది తనతో సైన్యంలో పనిచేసి రిటైరైన ఒక డాక్టరమ్మ దగ్గరికి. ఆవిడ పాత చీటీలన్నీ పక్కన పెట్టి, ముందు నా చేతే మొత్తం చెప్పించారు. నేను మళ్ళీ "దమ్ ఆరా" అనబోతుంటే, పక్కనున్న సుబేదార్ గారు మెల్లగా, "ఆయాసాన్ని ఇక్కడ సాఁస్ ఫూల్‌తీ హై అనాల," అని అందించి బయటికి వెళ్ళిపోయారు. ఆంటీ లోపల నా దగ్గరుండిపోయారు. డాక్టరమ్మ స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నారు. తర్వాత ఎడమవైపుకు ఒరిగి పడుకోమని, ఊపిరి వదిలి ఆపమని, రొమ్ము కింద ఒకే చోట పెట్టి మళ్ళీ విన్నారు. అంతకుముందు నన్ను చూసినవాళ్ళు వీపు మీద రెండు చోట్లా, ముందువైపు ఒక చోటా పెట్టి తీసేసినవాళ్ళే. వెతకాల్సిన చోటు తెలియకపోతే చప్పుడు వినబడదని అప్పుడు అర్థమైంది.

అదే రోజు ఎకో తీశారు. చల్లటి జెల్లు రాసి, చిన్న పరికరం ఒకటి ఆనించి కదుపుతుంటే, తెర మీద నా గుండె కదిలింది. ఒక మీట నొక్కితే లోపల రక్తం పారే చప్పుడు కూడా గదంతా వినబడింది. ఆంటీ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "దేవుడా, ఇంత గోల పెడతందేటమ్మా నీ గుండి!" అన్నారు. భయంలోనూ నవ్వొచ్చింది. ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ కవాటం మూసుకుపోతూ వచ్చిందని తేలింది.

ఇంటికి మెట్రోలో వచ్చాం. నేను ఏడుస్తున్నాను. గుండె జబ్బు అనగానే పాప ముఖమే కళ్ళముందు ఉంది. ఇంకెవరైనా అయితే ఏం కాదులే అనేవారు. ఆయన అలా అనలేదు. వైశాలి చివరి స్టేషన్. రైలు దిగి, ప్లాట్‌ఫామ్ బల్ల మీద కూర్చోబెట్టి, వచ్చే రైలు చూపించారు.

"సూడమ్మా. ఆ తలుపు పూర్తిగా తెరుసుకుంటే జనం సులువుగా ఎక్కీస్తారు. సగమే తెరుసుకుందనుకో, ఏటవుతాది? ఎనకాల ప్లాట్‌ఫారం నిండిపోతాది, మెట్ల దాకా. నీ గుండెలో తలుపు సగం కూడా తెరుసుకోట్లేదు. ఎనకాల నిండిపోయీది నీ ఊపిరితిత్తులు. మెట్లెక్కితే జనం ఎక్కువొస్తారు గదా, అందుకే అప్పుడు ఆయాసం."

"మూసుకోకపోతే?"

"అదింకో రకం. ఎక్కినోల్లు మల్లీ ఎనక్కి పడతారు. దాన్ని లీకంటారు. నీకు అది లేదు, మంచిదే. ఇరుకు ఒక్కటే." అని, తన అరచెయ్యి తెరిచి చూపించారు. "సిన్నప్పుడు ఆ గొంతు నొప్పితో పాటొచ్చిన జొరం ఆ తలుపు రెక్కల మీద మచ్చ పెట్టీసింది. కీళ్ళ వాపు పోయింది. మచ్చ పోలేదు. ఇన్నాళ్ళకి రెక్కలు అతుక్కున్నాయి. ఇడదీస్తారు. ఠీక్ హై?"

ఠీక్ హై అన్నాను. అసలు సంగతి తెలిశాక నా భయం సగమైంది. తెలియనప్పుడే ఎక్కువ భయపడ్డాను.

తర్వాత అన్నీ చకచకా జరిగాయి. గొంతులోంచి సన్నటి గొట్టం మింగించి గుండెను వెనక నుంచి చూశారు, గడ్డలేమైనా ఉన్నాయేమోనని. లేవు. తొడ దగ్గర రక్తనాళంలోంచి బెలూన్ పంపించి, ఆ ఇరుకు దగ్గర ఉబ్బించి, అతుక్కున్న రెక్కలు విడదీశారు. నా ఛాతీ మీద కత్తిగాటు కూడా పడలేదు. ఆ రోజే ఒక్క తలగడ మీద వెల్లకిలా పడుకున్నాను. ఏడాదిన్నర తర్వాత. పడుకుని పైకప్పు చూస్తూ చాలాసేపు ఏడ్చాను, ఈసారి సంతోషంతో.

ఇది శాశ్వతం కాదని డాక్టరమ్మ దాచకుండా చెప్పారు. ఏటేటా ఎకో చూసుకోవాలి. ఎప్పుడో కవాటం మార్చాల్సి రావచ్చు. ఆ జ్వరం మళ్ళీ రాకుండా మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్. నేను నెలకోసారి అని గుర్తుపెట్టుకుంటే సులువనుకున్నాను. సుబేదార్ గారు ఒప్పుకోలేదు. "నెల కాదు. మూడు వారాలు," అని మా ఫ్రిజ్ మీది కేలెండర్లో తనే ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టారు. ఐదేళ్ళు చుట్టారు. ఈ ఏడాది కేలెండర్లో డిసెంబరు దాకా సున్నాలున్నాయి.

ఆయనతో బయటికి వెళ్తే అదో తమాషా. సరోజినీ నగర్ మార్కెట్లో ఒకసారి ఆంటీ స్వెట్టర్ కోసం గట్టిగా బేరం ఆడుతున్నారు. సుబేదార్ గారు స్వెట్టర్ చూడట్లేదు, అమ్మేవాడి కాళ్ళు చూస్తున్నారు. "భయ్యా, శామ్ కో జూతా తంగ్ హోతా హై క్యా?" అన్నారు, సాయంత్రానికి బూట్లు బిగుతవుతాయా అని. పొద్దంతా నిలబడతాం కదా అంకుల్‌జీ, కాళ్ళు వాచక ఏమవుతాయి అన్నాడతను. పడుకుంటే ఊపిరి ఎలా ఉంటుంది, ఎన్ని తలగడలు అని మొదలుపెట్టారు. ఆంటీ బేరం అక్కడితో ఆగిపోయింది. "నా జన్మలో ఒక్క చీరైనా సరిగ్గా బేరమాడి కొననిచ్చారేటి?" అని దారంతా సణుగుతూనే ఉన్నారు. ఆ అబ్బాయికి ఏమీ లేదు, నిలబడి నిలబడి వచ్చిన వాపేనట. అది కూడా పరీక్ష చేయించాకే నమ్మారు ఈయన.

ప్రతివాణ్ణీ అలా ఆపి అడగడం ఎందుకని నేను అడిగింది రెండు చలికాలాల కిందట. మేడ మీద ఎండలో కూర్చుని కిన్నో కమలాపళ్ళు ఒలుస్తున్నాం. ఆంటీ కింద ఉన్నారు. ఆయన తొనల మీది పీచు తీస్తూ చెప్పారు.

"కొత్తగా సర్వీసులో సేరాను. ఓ కంటోన్మెంట్ ఆసుపత్రి. జవాను పెళ్ళాం ఒకామె వచ్చింది. తెలుగామె, మీ వైపు. హిందీ ఒక్క ముక్క రాదు. డాక్టర్ సాబ్ నన్ను పిలిసి, ఏమంటందో సెప్పమన్నారు. దమ్మొస్తందయ్యా అంది. మా వైపు దమ్మంటే ఊడుపుల ముందు మడి దున్నడం. లేదంటే ధైర్యం. ఆమె సెప్పీ దమ్మేటో నాకు తెలీలేదు. తెలుగోడినై ఉండి తెలుగు మాట తెలీదంటే సాబ్ ఏటనుకుంటారో అనిపించింది. మనిషి నీరసంగా ఉంది గదా అని, థకాన్ హై సర్, కమ్జోరీ అని సెప్పీసాను. బలం మాత్రలు రాసిచ్చారు."

నేను తొన నోట్లో పెట్టుకోలేదు.

"మల్లీ ఎనిమిదో నెల కడుపుతో తీసుకొచ్చారు. కూకోలేదు, పడుకోలేదు, ఊపిరందట్లేదు. అప్పుడు తెలిసింది నాకు దమ్మంటే ఏటో. నీకున్న జబ్బే. తల్లీ దక్కలేదు, పిల్లా దక్కలేదు." పీచు తీసిన తొన నా చేతిలో పెట్టారు. "ఏ దమ్మమ్మా అని ఒక్క మాట అడిగుంటే సరిపోను. తెలీదని సెప్పడానికి నాకు దమ్ము లేకపోయింది."

అప్పటికి ఆయన ఇరవై రెండేళ్ళ కుర్రాడు. వినడం, రాయడం తప్ప పైవాళ్ళ ముందు నోరెత్తే ఉద్యోగం కాదు. ఆ మాటే అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు, అంతే. నేను మళ్ళీ సర్ది చెప్పే ప్రయత్నం చేయలేదు. నా మెట్ల మలుపులో ఆయన ముఖంలో నవ్వు ఎందుకు పోయిందో మాత్రం తెలిసింది. ఆయన ఆ రోజు అడిగింది నన్నొక్కదాన్నే కాదు. ఆమెను అడగాల్సిన ప్రశ్నను నాకోసం దాచి ఉంచారు. దానివల్ల నేను బతికాను. ఇంతకంటే దీన్ని ఎలా చెప్పాలో నాకు చేతకాదు.

పోయిన నెల జ్వరంతో మొదలై, మూడు రోజుల్లో ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆసుపత్రిలో ఒక వేలికి మిషన్ తగిలించి ఉంటే, రెండో చేత్తో తన నాడి తనే చూసుకుంటూ పడుకున్నారు. వాచీ తీసేయించారట, గోడ గడియారం వంక చూస్తున్నారు. సోమవారం సాయంత్రం వెళ్ళి, "ఎట్లుంది అంకుల్?" అన్నాను. ఆక్సిజన్ మాస్కు కాస్త పక్కకు జరిపి, "దమ్మమ్మా," అన్నారు. నేను అడిగేలోపు తనే నవ్వి, "మీ దమ్మే," అన్నారు. నర్సు వచ్చి మాస్కు సరిచేసి నన్ను బయటికి పంపింది. అవే ఆయన నాతో అన్న చివరి మాటలు.

ఇంటికి తెచ్చిన ఆయన్ను మళ్ళీ కిందికి దించేటప్పుడు అడ్డమని ఆ నీలం కుర్చీని ఎవరో తీసి నీళ్ళ మోటారు పక్కన పడేశారు. కర్మలయ్యి, బెంగళూరు నుంచి వచ్చిన వాళ్ళమ్మాయి తిరిగి వెళ్ళాక, దాన్ని కడిగి మళ్ళీ మలుపులో పెట్టాను. సెక్రటరీ చూశాడు. ఏమీ అనలేదు.

మొన్న శనివారం సాయంత్రం కూరగాయలు తీసుకుని మెట్లెక్కుతున్నాను. ఫోన్ బూత్‌లో ఆంటీ కూర్చుని ఉన్నారు. ఒళ్ళో పాలపాకెట్లు. ఆయన పోయాక మొదటిసారి కిందికి దిగారు. పాల కోసం వెళ్ళడం ఈ ఇరవై ఏళ్ళలో అదే మొదటిసారేమో. నన్ను చూసి చెమట తుడుచుకున్నారు.

"ఏమైందాంటీ?"

"ఏటీ లేదమ్మా. దమ్ము."

ఐదేళ్ళలో నా మాట ఆవిడ నోటికి ఎప్పుడు పట్టుబడిందో నాకు తెలియదు. దుఃఖమే అయ్యుంటుంది. తిండి సరిగ్గా లేదు, నిద్ర లేదు, డెబ్భై ఏళ్ళ మనిషి, రెండంతస్తులు ఎక్కారు. అలసటే అయ్యుంటుంది. పైకి పదండి, మంచి టీ పెట్టిస్తాను అనబోయాను. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే మాట.

"ఏ దమ్మాంటీ?"

ఆవిడ చటుక్కున తలెత్తి చూశారు. నవ్వారు, కళ్ళు నిండిపోయాయి. "నువ్వేటి, డాక్టరువేటి?" అన్నారు.

"కాదాంటీ. అందుకే తీస్కపోత. రేపు ఆదివారం. సోమారం పొద్దుగాల తొమ్మిదింటికి తయారుండుండ్రి."

ఆవిడ చెంగు సర్దుకుని చెయ్యి ముందుకు చాచారు. సన్నటి మణికట్టు మీద ఆయన పెద్ద వాచీ వదులుగా వేలాడుతోంది, ముళ్ళు లోపలి వైపుకు. నేను సంచి కింద పెట్టి, పక్కన మెట్టు మీద కూర్చుని, వాచీ కాస్త పైకి జరిపి నాడి పట్టుకున్నాను. అరనిమిషం అయ్యింది. ఆంటీ చెయ్యి తీసుకోబోయారు. నేను వదల్లేదు. రెండో సగం లెక్కపెడుతున్నాను.